తని మొదలైతే బజ్జీ గుర్తొస్తుంది

స్కూటర్ మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాక, ఈ రోజే చింతాద్రిపేటలో ఒక చిన్న సభలో మళ్ళీ మృదంగం వాయించాను. గాయకుడు పాట ఆపి, నేనొక్కడినే వాయించే తని ఆవర్తనానికి సైగ చేశాడు. అంతే, సగం హాలు లేచి క్యాంటీన్‌కి పోయింది. అందరికంటే ముందు లేచింది మా మామ!

కచేరీ అయ్యాక నూనె చేత్తోనే నా భుజం తట్టాడు. "సూపర్‌గా వాయించినావురా! చెయ్యి బాగయిపోయింది పో."

"మీరు ఆడ బజ్జీలు తింటా ఉన్నారు గదా మామా?"

"ఆడికీ వినిపించిందిలేరా!"

ఛీ! ఆస్పత్రిలో ఈయనే నా మంచం పక్కన కూర్చుని, "మళ్ళీ ఎప్పుడు వాయిస్తావురా" అని ప్రాణం తీశాడు.

మీరైనా తని అయ్యేదాకా కూర్చుంటారా? లేక మీ అందరినీ కూర్చోబెట్టడానికి నేను మళ్ళీ చెయ్యి విరగ్గొట్టుకోవాలా?