పెద్ద సాబు బదిలీ

ఒకే ఒక్క ఉర్దూ మాట నేర్చుకుని నేను చేసిన ఘనకార్యం ఇది. ఆ ఒక్కటీ రాకపోయి ఉంటే పరువు దక్కేది.

ఇరవై మూడేళ్ల వయసులో బెజవాడ నుంచి నాగర్‌కర్నూలు సర్కారు బడికి తెలుగు పంతులుగా వెళ్లాను. నైజాం రాజ్యం నాకు పరదేశమే. నాణెం వేరు, కచేరీ భాష వేరు. జనం మాట్లాడేది తెలుగే అయినా సగం మాటలకు గుడ్లప్పగించేవాణ్ణి. హెడ్మాస్టరు పెద్ద సాబు మాత్రం నన్ను కొడుకులా చూశారు. జ్వరమొస్తే తన టాంగాలో దవాఖానకు తీసుకెళ్లారు. సొంతూరు మహబూబ్‌నగరుకు బదిలీ అడిగి, పాపం, రెండేళ్లుగా ఎదురుచూస్తున్నారు.

ఒకనాడు మా ఇంటి యజమాని, "పంతులూ, పొలం నా పేర ఇంతెకాల్ అయింది" అన్నాడు.

"అంటే?"

"మారింది. ఇగ నాదే."

ఓహో, ఇంతెకాల్ అంటే బదిలీ! మాటను భద్రంగా దాచుకున్నాను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున బడికి తాళం. మెట్ల మీద బంట్రోతు మల్లయ్య.

"సాబ్ ఇంతెకాల్ అయిండ్రు సార్."

"ఎంత చల్లని మాట చెప్పావయ్యా!"

మల్లయ్య నోరు తెరిచాడు. నేను ఆగితే కదా! బజారులో బంతిపూల దండ, అర్ధసేరు మిఠాయి కొని సాబు ఇంటికి పరుగెత్తాను. వాకిలి నిండా జనం. లోపల ఆడవాళ్ల ఏడుపు. ఊరు వదలాలంటే ఎవరికైనా కష్టమే అనుకున్నాను.

అరుగు మీద సాబు తమ్ముడు, కళ్లు ఎర్రగా.

"కోరుకున్న చోటికేగా వెళ్లేది! సంతోషించండి" అన్నాను.

ఆయన తలెత్తి నన్నూ, చేతిలోని దండనూ మార్చి మార్చి చూశాడు.

"మరి కుటుంబాన్ని ఇప్పుడే తీసుకెళ్తారా, కుదురుకున్నాక పిలిపించుకుంటారా?"

వాకిట్లో ఇద్దరు పిడికిళ్లు బిగించి లేచారు. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగుండ్రి. పంతులూ, ఇంతెకాల్ అంటే ఏందనుకున్నవ్?"

"బదిలీ..."

ఆయన నా చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి నడిపించాడు. లోపల మంచం. మంచం మీద తెల్లగుడ్డ కప్పి పెద్ద సాబు.

చావును కూడా ఆ మాటతోనే మర్యాదగా చెబుతారని నాకేం తెలుసు? మిఠాయి పొట్లం చేతిలోంచి జారిపోయింది. అక్కడే చతికిలబడి, ఇంటివాళ్లకంటే గట్టిగా ఏడ్చాను.

తమ్ముడు నా పక్కన కూలబడ్డాడు. "ఏడ్వకు పంతులూ. నువ్వన్నది బదిలీనే. హుకుం పైనుంచి వచ్చింది" అని, ఒక్క క్షణం నవ్వి, నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

పదిమంది ముందు ఒట్టేసి చెబుతున్నాను: ఆనాటి నుంచి నేటి వరకు, మనిషి ఎదురుగా నిలబడి "నేను బాగున్నాను" అని తన నోటితో చెబితే తప్ప, ఎవరినీ అభినందించలేదు. అభినందించను కూడా.