తెనాలి కోడలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక పడక్కుర్చీలో వాలి, మా విద్యార్థులు ఫోనుకు పంపిన కలుపుమొక్కల ఫోటోలు దిద్దుతూ కూర్చున్నాను. ఇప్పటి పిల్లలు మొక్కను పీకి, ఆరబెట్టి, అట్టకు కుట్టే బాధ పడటం లేదు. గట్టు మీద నిలబడి ఫోటో తీస్తే దాని శాస్త్రీయ నామం ఫోనే చెప్పేస్తుంది, కింద నాలుగు గడులు నింపి నాకు పంపిస్తే వాళ్ళ పని అయిపోతుంది. అలా ఒకదాని తరువాత ఒకటి చూసుకుంటూ పోతుంటే నీలం రంగు చిన్న పువ్వున్న మొక్క ఒకటి వచ్చింది. దాని కింద 'స్థానిక నామం' అన్న గడిలో 'తెనాలి కోడలు' అని రాసి ఉంది. నేను గభాలున లేచి కూర్చున్నాను, ఒళ్ళో ఉన్న కళ్ళజోడు కూడా జారి కింద పడింది. ఎందుకంటే ఆ పేరు ఏ పుస్తకంలోనూ లేదు, ఉండే అవకాశమూ లేదు. ఆ తెనాలి కోడలిని నేనే.

ఇది రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళ మాట. నేను బాపట్లలో హాస్టల్లో ఉండి వ్యవసాయం చదువుతున్నాను, రెండో ఏడు. మాది తెనాలి. నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. పెరట్లో ఒక కరివేపాకు చెట్టు, రెండు మందారాలు తప్ప మా ఇంట్లో సాగు అన్నది ఎవరూ ఎరగరు. నేను వ్యవసాయం చదువుతానన్నప్పుడు ఆయన చాలాసేపు పంచాంగం తిరగేస్తున్నట్టు నటించి, గట్టు మీద తిన్నగా నడవడం రాని పిల్లకు ఈ చదువెందుకని ఒక్క మాటన్నారు. చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఏ ఒక్క సబ్జెక్టు పోయినా టీసీ తీసుకుని తెనాలి వచ్చేసి, బుద్ధిగా డిగ్రీలో చేరాలి. పంతం కొద్దీ నేనూ సరేనన్నాను.

ఆ ఏడు ఆశ్వయుజ మాసం మొదలయ్యేసరికి వానలు తగ్గి, ఆకాశం కడిగి ఆరబెట్టినట్టు ఉండేది. పొద్దున్నే ఫీల్డు ప్రాక్టికల్స్‌కి రబ్బరు చెప్పులేసుకుని వెళ్తుంటే సముద్రం వైపు గాలికి సరుగుడు చెట్లు సన్నగా ఈల వేసేవి, దారిలో ఇసుక చల్లగా కాళ్ళకు తగిలేది, పొట్టదశకొచ్చిన వరిచేల మీద మంచు ఉండేది. తొమ్మిదింటికి తిరిగొచ్చి మెస్సులో ఉప్మా తింటే, ఆ ఉప్మా ఎలా ఉండేదో మీలో హాస్టల్ తిండి తిన్నవారికి నేను వేరే చెప్పనక్కర్లేదు, మళ్ళీ పదింటికి క్లాసు. సాయంత్రం గేటు బయట మిరపకాయ బజ్జీలు, ఆదివారం నలుగురం కలిసి సైకిళ్ళ మీద సూర్యలంక తీరానికి. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. ఆ సుఖంలో పడే కలుపుమొక్కల సబ్జెక్టులో మధ్య పరీక్ష తగలబెట్టుకున్నాను. ఊద మొక్కకీ వరికీ తేడా రాయమంటే ఏం రాశానో ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా సిగ్గే. ఇక గట్టెక్కాలంటే ప్రాక్టికల్స్ ఒక్కటే దిక్కు, అందులో ఎక్కువ మార్కులు హెర్బేరియానికి.

హెర్బేరియమంటే యాభై కలుపుమొక్కలు వేళ్ళతో సహా సేకరించి, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, ఒక్కొక్కటి ఒక్కో అట్ట మీద దారంతో కుట్టి, కింద మూలన శాస్త్రీయ నామం, కుటుంబం, స్థానిక నామం, దొరికిన చోటు రాయాలి. స్థానిక నామం విషయంలో మా సారు మహా పట్టుదల మనిషి. పుస్తకంలోంచి ఎత్తి రాయకూడదు, సీనియర్ల దగ్గర చూసి అసలే రాయకూడదు, పొలంలో పనిచేసే మనిషిని స్వయంగా అడిగి వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టు రాయాలి. మాకప్పుడు అది చాదస్తంగా తోచేది.

ఆ నెలలో మా హాస్టల్లో కాగితాలకు వచ్చినంత కరువు దేనికీ రాలేదు. గాలిలో తేమకు మొక్కలు ఆరవు, రోజూ కాగితాలు మార్చకపోతే నల్లబడి బూజు పడతాయి. రీడింగ్ రూములో పొద్దున వేసిన పేపరు టిఫిన్ అయ్యేలోగా మాయమయ్యేది. ముఖ్యమంత్రి ఏమన్నాడో తెలియాలంటే ఎవరో ఒకరి పరుపెత్తి, తుంగ మొక్క కింద చదువుకోవాలి. నేను తెలివి చూపించి ఒక గుంటగలగర మొక్కను ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టబోయి మాడ్చాను, ఆ వాసన రెండు రోజులు గది వదల్లేదు. ఈ సంగతి ఉత్తరంలో సరదాగా రాస్తే, మరుసటి ఆదివారం నాన్నగారు పాసింజరులో పాత పేపర్ల కట్టతో బాపట్ల వచ్చి దిగారు. ఆరునెలల పేపర్లు, తేదీల వారీగా పేర్చి, పురికొసతో కట్టి తెచ్చారు. ఆదివారం అనుబంధాలు మాత్రం తనకే ఉంచుకున్నారు. చదువు మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రైలు కదిలాక ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని స్టేషన్ బెంచీ మీద కాసేపు ఏడ్చాను. పరీక్ష పోతే ఈయన మొహం ఎలా చూడాలన్న దిగులు అది.

దసరా సెలవులకు నా దగ్గర నలభై మొక్కలే ఉన్నాయి. నా గదిలో ఉండే అమ్మాయిది రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర పల్లె, వాళ్ళకు పొలాలున్నాయి. మిగతావి మా చేలో పీక్కుందువు గాని రమ్మని పిలిచింది. రెండు రోజులు తెనాలిలో అమ్మ చేతి వంట తిని, రేపల్లె బండెక్కి, అక్కణ్ణుంచి బస్సులో వాళ్ళ ఊరు చేరాను. వాళ్ళవి కాలవ చివరి భూములు, నీళ్ళు ఆలస్యంగా వస్తాయి, నాట్లూ ఆలస్యమే. అందుకే దసరా వేళకు కూడా అక్కడ రెండో కలుపు తీస్తున్నారు. పది పన్నెండుమంది ఆడవాళ్ళు వరసగా వంగి కబుర్లాడుకుంటూ ముందుకు పోతుంటే, వాళ్ళందరికీ పెద్ద ఒక మామ్మ. అరవై దాటి ఉంటాయి, మాట మాత్రం పాతికేళ్ళది. నేను బురదలో దిగలేక గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని, వాళ్ళు విసిరిన మొక్కల్ని ఏరుకుంటూ పేర్లడిగి రాసుకుంటున్నాను. నా స్నేహితురాలు టీ తేవడానికి ఇంటికి వెళ్ళింది. వాళ్ళ అన్నయ్య పెళ్ళికున్నాడని, పట్నం పిల్ల ఊరికే వచ్చి ఉండదని ఆ ఆడవాళ్ళు అనుకుంటున్నారని నాకేం తెలుసు. పాపం ఆ అన్నయ్య నన్ను చూసినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల కనిపిస్తే ఒట్టు.

నా పక్కనే గట్టు మీద నీలం పువ్వు మొక్క ఒకటి ఉంటే వేళ్ళతో పీకి, దీన్నేమంటారని అడిగాను. మామ్మ నడుం పట్టుకుని లేచి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అదా తల్లీ, తెనాలి కోడలు."

"అలా ఎందుకంటారండి?"

"ఎందుకంటే ఏం చెప్పను. నీళ్ళలో కాలు పెట్టదు, గట్టు మీదే కూర్చుంటది. పొద్దున్నే నీటుగా పూసుద్ది, ఎండెక్కితే మొహం ముడుచుకుద్ది. పీకి పారేశామనుకో, పడ్డచోటే మళ్ళీ వేరు పెట్టి సంసారం చేసుద్ది. పైకి నీలం పువ్వు చూపిచ్చుద్ది, మట్టికింద తెల్లమొగ్గ దాచుకుద్ది. చూడు కావాలంటే."

వేళ్ళు దులిపి చూస్తే నిజంగానే మట్టిలో తెల్లటి మొగ్గలున్నాయి. వరసలో ఉన్నవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, దుమ్ముకేమో అనుకున్నాను. బురదచేలో దుమ్మెక్కడిదన్న ఆలోచనే నాకు రాలేదు. వయ్యారిభామ అని ఒక మొక్క ఉండగా తెనాలి కోడలు ఎందుకు ఉండకూడదనుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను. బాపట్ల వచ్చి, నల్ల సిరాతో అట్ట మీద కూడా అదే రాసి, దీపావళి సెలవుల ముందు యాభై అట్టలూ సారుకి అప్పగించాను. ఆయన ముద్ర వేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. పరీక్ష జరిగేది సెలవుల తరువాత, అట్టలు చూసేది పై ఊరి నుంచి వచ్చే పరీక్షాధికారి.

పరీక్షకు ముందురోజు సాయంత్రం నా స్నేహితురాలు ఊరి నుంచి తిరిగొచ్చింది. సంచి దించకుండానే మంచం మీద కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు నా వైపు చూసింది. పండక్కి వాళ్ళింటికి వచ్చిన మామ్మ, ఆ తెనాలి పిల్ల కులాసానా అని అడిగితే, ఇది నా హెర్బేరియం గురించి గొప్పగా చెబుతూ ఆ పేరు కూడా చెప్పిందట. మామ్మ ముందు పొట్ట పట్టుకుని నవ్విందట. ఈ సబ్జెక్టు పోతే నాన్నగారు చదువు మాన్పిస్తారన్న మాట విన్నాక మాత్రం నోటి మీద చెయ్యి వేసుకుని, గుమ్మంలోనే చతికిలబడిపోయిందట. మర్నాడు తెల్లవారేసరికి చేను గట్లన్నీ తిరిగి, ఆ మొక్కనే నాలుగు చోట్ల నుంచి వేళ్ళతో పీకి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చి పంపింది.

"ఇది వెన్నదేవికూరని చెప్పు. సరసానికి అన్నానని చెప్పు. తప్పు నాదే, పిల్లని ఏం అనొద్దని ఆ సారుకి చెప్పు."

ఆ మాటలు నా స్నేహితురాలు ఒప్పజెబుతుంటే నాకు కోపం రాలేదు, భయం వేసింది. అట్టలేమో బీరువాలో ఉన్నాయి, సిరాతో రాసింది చెరగదు. నా కళ్ళ ముందు టీసీ కాగితం ఒక్కటే కనిపించింది. తడిగుడ్డ మూటను బకెట్లో నీళ్ళ మీద పెట్టి కూర్చున్నాను.

మర్నాడు ఆ మూట పట్టుకునే పరీక్షకు వెళ్ళాను. పరీక్షాధికారి పెద్దాయన, నెరిసిన జుట్టు, తొందర లేని మనిషి. ఒక్కొక్క అట్టా తిప్పుతూ నలభై నాలుగో దాని దగ్గర ఆగి, కళ్ళజోడు పైకెత్తి, తెనాలి కోడలేంటమ్మా అన్నారు. అబద్ధమాడే తెలివి నాకు లేదు. గొడుగుతో సహా జరిగిందంతా చెప్పి, మూట విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన నవ్వలేదు. పేరు ఎలాగూ తప్పే, మరి మొక్కనైనా గుర్తుపట్టే లక్షణాలు చెప్పమన్నారు. పుస్తకంలోది ఒక్క ముక్క గుర్తు రాలేదు. నోటికొచ్చిందల్లా మామ్మ మాటలే. నిలవ నీళ్ళలో ఉండదండి, గట్ల మీద ఉంటుందండి, పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుందండి, పీకి పడేస్తే కణుపుల దగ్గర మళ్ళీ వేళ్ళు వస్తాయండి, మట్టికింద కూడా తెల్లమొగ్గలు వేస్తుందండి. ఆ చివరి మాటకు ఆయన కలం కింద పెట్టారు.

"మట్టికింద మొగ్గ సంగతి నీకెవరు చెప్పారు?"

"ఆ మామ్మేనండి."

పుస్తకం చదివినవాళ్ళలో సగం మంది అది మర్చిపోతారని, ఈ మొక్కకు అదే అసలు గుర్తని చెప్పి, అప్పుడు నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకు పక్క గదిలోంచి మా సారు కంగారుగా తొంగిచూశారు. పెద్దాయన ఎర్ర పెన్సిల్ తీసి నా అక్షరాల కింద వెన్నదేవికూర అని రాశారు. పైన ఉన్నది కొట్టెయ్యమంటారా అని అడిగితే, ఉండనివ్వమ్మా, పిలిచిన మనిషి ఉంది కదా అన్నారు. తరువాత ఆ అట్ట తిప్పారు.

సబ్జెక్టు గట్టెక్కింది. నాన్నగారికి సంగతంతా రాస్తే, తెనాలి నుంచి వచ్చిన కోడలా, తెనాలికి వచ్చిన కోడలా, సమాసం ఏమిటో తేల్చాలని రెండు పేజీల జవాబు రాశారు. టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు. కార్తీకంలో ఒక ఆదివారం నగరం వెళ్ళి మామ్మను చూశాను. ప్యాసయ్యానని చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తరువాత తనే నా చెప్పులు విప్పించి, నన్ను చేలోకి దింపి, తను గట్టు మీద కూర్చుని గొడుగు వేసుకుంది. ఆ రోజు నేను మోకాలి లోతు బురదలో నిలబడి నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. చివరికి నేను కోడలినైంది బాపట్లకేననుకోండి, అది వేరే సంగతి.

ఇన్నేళ్ళకు మళ్ళీ ఆ పేరు. ఆగలేక ఆ విద్యార్థినికి ఫోన్ చేశాను. రేపల్లె వైపు అమ్మాయి. ఎవరు చెప్పారమ్మా అంటే, మా ఊళ్ళో అందరూ అదే అంటారు మేడమ్ అంది. ఎందుకంటారో అడిగావా అన్నాను.

"అడిగానండి. వెనకటికి తెనాలి నుంచి ఒక కోడలు వచ్చిందంటండి. పొలంలోకి దిగమంటే దిగకుండా గట్టు మీదే కూర్చుందంట. ఆవిడ కూర్చున్నచోట మొలిచిందంటండి ఈ మొక్క."

వెనకటికి అన్న మాట విని వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు అటువైపు కూడా చాలా చోట్ల నాట్లు లేవు, విత్తనం వెదజల్లి మందు కొడుతున్నారు. వరసగా వంగి కబుర్లాడుకుంటూ కలుపు తీసేవాళ్ళు కనిపించడం అరుదైపోయింది. మామ్మ పోయి చాలా ఏళ్ళయిందని నా స్నేహితురాలు ఎప్పుడో చెప్పింది. పేరడగడానికి చేలో మనిషి లేకపోతే పిల్లలు ఫోన్‌ని కాక ఎవరిని అడుగుతారు. అయినా ఆవిడ ఒక పూట సరదాకి అన్న మాట మాత్రం, పీకి పారేసినా పడ్డచోటే వేరు పెట్టుకుని బతికే ఉంది.

ఫోన్ పెట్టేసి, కళ్ళజోడు వెతుక్కుని, ఆ పిల్ల రాసిన పేరు కింద వెన్నదేవికూర అని టైపు చేశాను. పైన ఉన్నది కొట్టెయ్యలేదు.