నోటినిండా గుండుసూదులు

బళ్లో అందరూ ఆమెను నత్తిపిల్ల అనేవారు. పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఒకసారి తరగతి కిటికీ అద్దం పగిలింది. ఎవరి పనని టీచరు నిలదీస్తే, "నే... నేను..." అని మొదలుపెట్టింది. "కాదు" అనే మాట నోట్లోంచి ఊడిపడేలోపే వీపు విమానం మోత మోగింది.

ఇంట్లోనూ అంతే. అమ్మానాన్నల దగ్గర ప్రేమకు లోటు లేదు, ఓపికకే కరువు. ఆమె ఒక ముక్క అనగానే మిగతాది వాళ్లే పూరించేవారు. ఆమె మాట తుదికంటా విన్నది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడేదో సహనమూర్తి అనుకునేరు, అదేం కాదు. ఆవిడ దర్జీ. గుడ్డకు సూదులు గుచ్చడానికి కూర్చుందంటే నోటినిండా గుండుసూదులే. మధ్యలో అందుకుందామన్నా పెదవి విప్పే వీల్లేదు. ఆ కుట్టుమిషను పక్కన చేరి నత్తిపిల్ల తన మనసులో ఉన్నదంతా చెప్పుకునేది.

పెద్దయ్యాక పరిశోధనకు దిగింది. నత్తి సగమే నాలుకది, మిగతా సగం వినేవాడి తొందరది అన్నది ఆమె సిద్ధాంతం. ఎంతోమంది మాటలు రికార్డు చేసి రుజువులు చూపింది. మొదటి అధ్యాయం మాత్రం అమ్మమ్మ మీద రాసింది. గైడుకు అది మింగుడుపడలేదు.

"శాస్త్రంలో అమ్మమ్మలేంటమ్మా? తీసెయ్. లేకపోతే డిగ్రీ రాదు."

"ఆ... ఆవిడ లేకపోతే ఈ ఆలోచనే లేదు సార్."

వైవా గదిలో పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్ద ప్రొఫెసరు, "మొదటి అధ్యాయం ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగాడు.

"అది... తీ... తీ..."

"తీసేస్తారు. మంచిది," అంటూ ఆయన కలం అందుకున్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అద్దం పగిలిన నాటి దెబ్బ వీపు మీద మళ్లీ చురుక్కుమంది. ధైర్యానికని వెంట తెచ్చుకున్న అమ్మమ్మ గుండుసూదుల డబ్బా సంచిలోంచి తీసి, మూత విప్పి, ఆయన ముందుకు జరిపింది.

"కా... కాసేపు ఇవి పెదాల మధ్య పె... పెట్టుకోండి సార్. నేను చెప్పడం అయ్యాక తీద్దురుగాని."

పక్కనున్న గైడు తల పట్టుకున్నాడు. పెద్దాయన డబ్బా వంక చూశాడు, ఆమె వంక చూశాడు. కలం కింద పెట్టి నోరు మూసుకున్నాడు.

ఆమె తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"తీ... తీయను."

ఆయన కాసేపు ఆగి, "అయిపోయిందా?" అన్నాడు.

"ఇ... ఇంకా లేదు సార్."

ఆ పూటంతా ఆమే మాట్లాడింది. డిగ్రీ ఇచ్చారు. ఆ గ్రంథం తెరిస్తే ఇప్పటికీ ముందు అమ్మమ్మే కనబడుతుంది, నోటినిండా గుండుసూదులతో.