లక్క పూసిన గడప

2011. సకల జనుల సమ్మె రోజులు. జనగామలో పని లేక నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, భూపాలపల్లిలో ఒక ఇంటికి లోపలి చెక్కపని మొత్తం రంగు వేయాలని కబురొచ్చింది. డబ్బాలు, బ్రష్షులు, పాలిష్ పేపర్లు సంచిలో వేసుకుని వెళ్ళాను. మూడో రోజుకు బస్సులు ఆగిపోయాయి, దుకాణాల షట్టర్లు పడ్డాయి. నేను అక్కడే చిక్కుకుపోయాను. చిక్కుకున్నానని పెద్దగా బాధ కూడా పడలేదు. నా భార్య చనిపోయి అప్పటికి మూడేళ్ళు. ఇంటి దగ్గర నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంటామె పేరు సరోజన. నలభై దాటి ఉంటాయి. భర్త ఒక ఆఫీసులో అటెండరుగా చేస్తూ చనిపోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. పిల్లలు లేరు. పొద్దంతా ఉద్యోగుల సమ్మె టెంటు కింద కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చేది. నేను రాత్రులు ఆ టెంటులోనే పడుకునేవాణ్ణి. ఒంటరి ఆడమనిషి ఇంట్లో పరాయి మగవాడు ఉండకూడదు కదా.

"టెంటు కాడ ఇసుకేస్తే రాలనంత మంది అన్నా," అంది ఒకరోజు చాయ్ ఇస్తూ. "ఇంట్లకొస్తే నా చెప్పుల సప్పుడు నాకే ఇనవడ్తది."

నాకు తెలియని సంగతా అది!  చాయ్ తాగి గ్లాసు కడిగి పెట్టాను.

ఆమెకు కావలసింది ఒక్కటే. భర్త ఏడాది కర్మ వారంలో ఉంది. కాటారం నుంచి అత్త వస్తుంది. ఆలోపు పూజ చేసుకునే దేవుని అర్ర దర్వాజ, గడప, అల్మారీలు అన్నీ తెల్లగా అయిపోవాలి.

"గడప గూడనా చెల్లె?" అన్నాను. మా వైపు పని ముగించేటప్పుడు గడపకు పసుపు పచ్చ ఎనామిల్ వేసి ఎర్రబొట్లు పెట్టి దిగుతాం. అది పెయింటర్ చేతి అలవాటు.

"గడప గూడ తెల్లగనే," అంది, నా ముఖం చూడకుండా.

అల్మారీల తలుపులు కొత్తవి, ఎం.డి.ఎఫ్ వి. ఎం.డి.ఎఫ్ అంటే చెక్క పొట్టును జిగురుతో కలిపి అదిమిన అట్ట. పైభాగం నున్నగా బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది గానీ కోసిన అంచులకు మహా దాహం. నీళ్ళ ప్రైమర్ తగిలిందా, తాగి ఉబ్బిపోతాయి. అందుకని అంచులకు ఆయిల్ ప్రైమర్ రెండు కోట్లు పట్టించి, మధ్యలో సన్న పేపరుతో రుద్దాను. వేలితో తడిమి చూసుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను. నాకు పని మీద పొగరు ఎక్కువే.

ఆ పొగరులో ఆయిల్ ప్రైమర్ అంతా అయిపోయింది. పాత టేకు దర్వాజకు, గడపకు మిగలలేదు. కొందామంటే దుకాణాలు బంద్. 'పాత టేకు, ఇరవై ఏళ్ళు ఎండిన కట్టె, దీనికేమవుతుందిలే' అనుకున్నాను. పైపైన రుద్ది, గడప నెర్రెల్లో గోడల కోసం తెచ్చిన వైట్ సిమెంటు లప్పం కూరి, నీళ్ళ ప్రైమర్ కొట్టి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి సరోజన దేవుని అర్ర ముందు నిలబడి ఉంది. టెంటుకు పోలేదు. 

"నేను ముట్టలేదన్నా," అంది. నేనింకా చెప్పులు కూడా విడవలేదు. "ఒట్టు. నేను పెట్టలే."

గడప చూశాను. తెల్లటి ప్రైమర్ మీద పసుపు మరకలు తేలాయి. లప్పం కూరిన నెర్రెల వెంట పారాణి దిద్దినట్టు ఎర్రటి గీతలు.

"నువ్వు పెట్టినవని ఎవలన్నరు? తప్పు నాది," అన్నాను కోపంగా. కోపం నా మీదే. "ఏండ్ల సంది పూసిన పసుపు, నూనె కట్టెల ఇంకినయ్. నీళ్ళ ప్రైమర్ దాన్ని పైకి గుంజింది. వైట్ సిమెంట్ల సున్నం గుణముంటది. పసుపుకు సున్నం తాకితే ఏమైతది? ఎర్రగైతది. గంతే."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు చెప్పింది. భర్త పోయాక గడపకు పసుపు పెట్టొద్దని అత్త కట్టడి చేసిందట. ఒక శుక్రవారం చెయ్యి అలవాటుకొద్దీ పెట్టేసిందట. అత్త నలుగురి ముందు నానా మాటలూ అని, ఇంకోసారి చూస్తే ఈ ఇంటి మెట్టు ఎక్కనని వెళ్ళిపోయిందట. మళ్ళీ ఇన్నాళ్ళకు వస్తోంది.

"ఇది జూస్తే నమ్ముతదా అన్నా? మా తల్లిగారి దిక్కు ఎవ్వలు లేరు. నాకు మనిషనేది ఆమె ఒక్కతే. ఆమె గూడ రాకపోతే ఎట్ల?"

 అన్ని మాటలు పడ్డ మనిషి కూడా ఆ అత్త కోసమే ఎదురుచూస్తోంది.

ఊరంతా తిరిగాను. ఒక వడ్రంగి మేస్త్రి తన కొట్టం వెనకనుంచి గుప్పెడు లక్క, సీసాలో కాస్త స్పిరిట్ ఇచ్చాడు. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి పూస్తే కట్టెలోని మరక పైకి రాకుండా తలుపు మూసినట్టు మూసుకుంటుంది. అది కరిగేలోపు నేను ప్రైమర్, లప్పం అంతా గీకేసి, గరుకు పేపరుతో కట్టె కనబడేదాకా రుద్దాను. పసుపు పచ్చటి పొడి రాలుతూనే ఉంది. పొరలు పొరలుగా, వాసనతో సహా. సరోజన చీపురు పట్టుకుని పక్కనే నిలబడింది గానీ చాలాసేపు ఊడవలేదు.

"పందొమ్మిదేండ్ల శుక్రవారాలన్నా," అంది.

లక్క మొదటి కోటు పసుపు పచ్చగానే వచ్చింది. రెండోది నిలబడింది. దాని మీద తెల్ల ఎనామిల్ రెండు కోట్లు వేశాను. మచ్చ లేదు. నేను ఇన్నేళ్ళలో చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఏడాది రోజున అత్త ట్రాక్టరులో వచ్చింది. సన్నటి ముసలామె, బోసి నుదురు. లోపలికి వస్తూనే దేవుని అర్ర ముందు వంగి గడప తడిమింది.

"ఆ, ఇగ మంచిగుంది బిడ్డా. ఎవ్వలు ఒక్క మాట అనేటట్టు లేదు," అంది. కోడలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నాలుగు రోజులు ఉండిపోతానంది. సరోజన కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పని గట్టెక్కిందని నేను సామాను సర్దుకున్నాను.

సరోజన వాకిట్లోకి వచ్చి అడిగింది. "అన్నా, ఆ పసుపు మల్లెప్పుడన్న పైకొస్తదా?"

"రాదు చెల్లె. నాది హామీ. లక్క వడ్డంక ఇగ ఎన్నటికీ రాదు."

"ఎన్నటికీ రాదా?"

"రాదు."

ఆమె తలూపింది. గేటు దగ్గర కాసేపు నిలబడి లోపలికి పోయింది. ఆమె భయంతో అడిగిందనుకున్నాను నేను. పరకాల దాటాక, లారీ క్యాబిన్‌లో కూర్చుని ఉండగా అర్థమైంది. ఆమె అడిగింది భయంతో కాదు, ఆశతో.

జనగామ చేరి తాళం తీస్తే మా గడప పసుపు పచ్చగా, ఎర్రబొట్లతో మెరుస్తోంది. నా భార్య పోయాక కూడా ఏటా దసరాకు మిగిలిన రంగుతో నేనే వేస్తున్నాను. పెళ్ళాం పోయినవాడివి, నీకెందుకు ఈ పసుపు అని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఆ మాట అయినా ఆమెతో అనలేకపోయానే అని ఆ గడప మీదే కూర్చుండిపోయాను. ఆ ఇంట్లో మాట్లాడాల్సిన చోట నేను లక్క పూసి వచ్చాను.

నా పనితనం మీద నాకే కోపం వచ్చిన పని అదొక్కటే. ఇప్పుడు పాత గడపకు నీళ్ళ ప్రైమర్ పెట్టను, వైట్ సిమెంటు అసలే తాకనివ్వను. సీసాలో లక్క ఎప్పుడూ ఉంటుంది. కానీ మూత తీసే ముందు ఆ ఇంటి ఆడమనిషిని ఒక్కమాట అడుగుతాను: "అక్కా, పసుపు మొత్తం పోవాల్నా, జర ఉండాల్నా?"