లంకలో సూది ముందెవరికి

నేనూ, నా స్నేహితుడూ ఇద్దరం ఏలూరు వాళ్లమే, అప్పట్లో విశాఖపట్నంలో వైద్యం చదువుతున్నాం. నేను మాలపేట క్రైస్తవుణ్ణి; మా నాన్న మిషను బడిలో పంతులు. అతను తివాచీలు నేసే సాయిబుల ఇంటి పిల్లవాడు. హాస్టల్లో మా ఇద్దరికీ భోజనం బల్ల విడిగా వేశారు. ఆ బల్ల దగ్గరే స్నేహం కుదిరింది.

మూడో ఏడు వేసవి సెలవుల్లో కొల్లేటి లంకల్లో కలరా మొదలైంది. ఒక లంక అంచున ఉన్న మాలపల్లెలో మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, కొడుకుతో ఉండేది. కొడుకూ కోడలూ పోయారనీ, వాళ్ల పిల్లలిద్దరూ మిగిలారనీ కబురొచ్చింది. మేం ఏలూరులో హెల్తు ఆఫీసరు దగ్గరికి వెళ్లి, మేం వెళతామన్నాం. ఆయన సంతోషించి, కలరా రాకుండా వేసే సూదిమందు పెట్టె ఒకటి ఇచ్చాడు.

"ఊరంతటికీ ఇది చాలదు. జబ్బు ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టండి," అన్నాడు.

ఎండలకి కొల్లేరు సగం బురదయింది. దోనె దిగి, దాన్ని తోసుకుంటూ, కిక్కిస గడ్డి మధ్యనుంచి లంక చేరాం. రేవు దగ్గరే ఊరి పెద్ద మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. మేం వచ్చిన పని చెప్పాను. ఈ జబ్బు పురుగు నీళ్లలో ఉంటుందనీ, కుండల ద్వారా ఒక ఇంటినుంచి మరో ఇంటికి పాకుతుందనీ వివరించాను. అంతా శ్రద్ధగా విన్నాడు.

"నువ్వెవరి తాలూకురా?" అన్నాడు.

చెప్పాను.

"ఓహో, ఆ ముసల్దాని చెల్లెలి కొడుకువా! మావాళ్లకి నువ్వు పొడుస్తావా సూది?"

"జబ్బు పల్లెలో ఉందండీ. ముందు అక్కడ వెయ్యమన్నారండీ."

"పల్లెలో ఉన్నదాన్ని పల్లెలోనే ఉండనియ్. ఊళ్లోకి రాకుండా చూడు. ఆ సాయిబుల కుర్రోడు వేస్తాడు. నువ్వు సూది ముట్టుకోకు, దూరంగా నిలబడు." అంతలోనే మెత్తగా అన్నాడు: "ముందు మావాళ్లకి వేసెయ్యండి. రేపు పొద్దుణ్ణించీ మీ పల్లెకి మా నూతి నీళ్లు తోడి పోయిస్తాను."

పల్లెవాళ్లు గేదెలు పడుకునే మడుగు నీళ్లే తాగేవాళ్లు. సూది పనిచెయ్యడానికి రోజులు పడతాయి; మంచినీళ్లు రేపటినుంచే కాపాడతాయి. అలా లెక్క వేసుకున్నాను.

"వద్దు," అన్నాడు మావాడు నా చెవిలో. "నీళ్లు వట్టి మాట. మందు మన చేతిలో ఉంది."

"నా వాళ్ల సంగతి నాకు తెలుసు," అన్నాను.

చేపలు ఎండబెట్టే పాకలో అతను పొద్దువాలే దాకా సూదులు వేశాడు. నేను ఎండలో నిలబడ్డాను. పిల్లలు నామీదికి బురద ఉండలు విసిరితే పెద్దవాళ్లు నవ్వుతూ చూశారు. ఊరి పెద్ద పక్క లంకలనుంచి తన చుట్టాలను కూడా దోనెల మీద పిలిపించాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. చివరి సీసా ఆయన వియ్యంకుడి ఇంటికి సరిపోయింది.

పల్లెకి వెళ్లేసరికి పెద్దమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. పిల్లలిద్దరికీ స్నానం చేయించి పక్కనే కూర్చోబెట్టుకుంది.

"పొద్దుణ్ణించీ కదలనివ్వలేదు నాన్నా, నువ్వొచ్చేస్తావని," అంది.

మందు అయిపోయిందని మావాడే చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే పల్లె ఆడవాళ్లు కుండలతో నూతికి దూరంగా నిలబడ్డారు. ఎవరూ నీళ్లు తోడలేదు. ఊరి పెద్ద వచ్చాడు.

"మాటిచ్చారు కదండీ," అన్నాను.

"ఇచ్చాను. కానీ పురుగు కుండల్లో ఉంటదని చెప్పింది నువ్వే కదరా! ఆ కుండలు మా నూతి దగ్గరికి ఎలా రానియ్యమంటావు? చదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కాళ్లమీద పడబోయాను. మైల పడతానని కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ మనవరాలికి వాంతులు మొదలయ్యాయి. నీళ్లు కాచి, ఉప్పు కలిపి చెంచాతో పట్టాం. పోసినదంతా బయటికి వచ్చేసింది. కళ్లు లోపలికి పోయాయి, వేళ్లు ముడతలు పడ్డాయి. దాహం, దాహం అని అడుగుతూనే మావాడి ఒళ్లో పోయింది. ఆరేళ్ల పిల్ల.

పెద్దమ్మ ఏడవలేదు. "నీ చదువు మాకోసం అనుకున్నాను నాన్నా," అంది. అంతే.

ఏలూరు తిరిగొచ్చాక హెల్తు ఆఫీసరు మమ్మల్ని మెచ్చుకున్నాడు. ఊళ్లో ఒక్కరికీ జబ్బు రాలేదని ఊరి పెద్ద కబురు పంపాడట. పల్లె సంగతి ఆ కబురులో లేదు. నేనూ చెప్పలేదు.

వారం తిరక్కుండా మరో పెట్టె వచ్చింది. మావాడు దాన్ని చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చి, "పద," అన్నాడు.

"జ్వరంగా ఉంది," అన్నాను.

నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. ఒక్కడే వెళ్లాడు. ఈసారి రేవులో దిగలేదట. లంక వెనకవైపునుంచి నడుంలోతు బురదలో నడిచి, తిన్నగా పల్లెలోకి వెళ్లాడట. మిగిలిన అందరికీ సూది వేశాడు. పెద్దమ్మ మనవడు బతికాడు. పెద్దమ్మ ఆ తరవాత చాలాకాలం బతికింది. నేను మాత్రం ఆ లంకకి మళ్లీ వెళ్లలేదు.

సెలవులయ్యాక ఇద్దరం విశాఖపట్నం రైలెక్కాం. తాడేపల్లిగూడెం దాటాక అతనే అన్నాడు:

"నువ్వెందుకు రాలేదని మీ పెద్దమ్మ అడిగింది. జ్వరం అన్నాను. నేను బయల్దేరేదాకా, నీకు జ్వరం తగ్గాలని ప్రార్థన చేస్తూనే ఉంది."