గాలిలో నిలిచిన బెల్లం

దయ్యాలన్నా మహిమలన్నా నాకు నమ్మకం లేదు. గోదావరిఖనిలో ఏళ్ల తరబడి బొగ్గుబాయిలోకి దిగిన మా నాన్న, అంత చీకట్లోనూ ఒక్క దయ్యం కనబడలేదని నవ్వేవాడు. నేనూ ఆయన కూతురినే. అయినా మస్కట్‌లో జరిగింది చెప్పక తప్పదు.

మా పాప ఏడాది పిల్లప్పుడు నిమోనియాతో ఆసుపత్రి పాలైంది. పాప బతికితే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని ఊళ్లో అమ్మ మొక్కుకుంది. అంటే పాప బరువుకు సరితూగే బెల్లం. పాప బతికింది. మస్కట్‌లో పనిచేసే మాకు సెలవు దొరక్క మొక్కు మిగిలిపోయింది.

సమ్మక్క జాతర వేళకు మస్కట్‌లోని మనవాళ్లే ఒక ఫంక్షన్ హాల్లో గద్దెలు కట్టారు. థర్మాకోల్ గద్దెలు, వాటి మీద అమ్మవారి గుర్తుగా ప్లాస్టిక్ వెదురు, డీజే, సెల్ఫీలు. మా ఊళ్లో గోదావరి ఒడ్డున తడి ఇసుకలో నడిచి గద్దె దగ్గరికి పోయినదాన్ని, చూడగానే ఒళ్లు మండింది. అయినా పాప కోసం వరుసలో నిలబడ్డాను.

దగ్గరికి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. ఒక పిల్లవాడికి తూచిన బెల్లాన్నే గద్దె వెనక నుంచి తెచ్చి ఇంకొకరికి తూస్తున్నారు. అందరి చేతులూ పడి ముద్దలు నల్లబడ్డాయి. ఒకదానికి వెంట్రుకలు అంటుకున్నాయి, ఇంకోదాని మీద చెప్పు అచ్చు. ఎవరో తిన్న విస్తట్లో మళ్లీ వడ్డించినట్టుంది.

ఇదేమిటని నిర్వాహకుణ్ని నిలదీశాను.

“భక్తి ఉండాలె గని, బెల్లం ఏదైతే ఏందక్కా? జల్ది కానియ్యి, ఎనుక లైనున్నది” అన్నాడు.

ఈలోగా మా ఆయన పాపను తక్కెడ పళ్లెంలో కూర్చోబెట్టేశాడు. రెండో పళ్లెంలో బెల్లం పేర్చారు. కదల్లేదు. ఇంకా పేర్చారు. మా పాప అసలే బక్కది. అంతకుముందు తూగిన బొద్దు పిల్లవాడి కంటే ఎక్కువే పెట్టినా బెల్లం పైనే ఉంది.

భయమేసి పాపను ఎత్తుకున్నాను. ఎప్పటి బరువే ఉంది. కానీ ఖాళీ పళ్లెం కిందే ఉండిపోయింది. బెల్లం పళ్లెం మాత్రం గాలిలోనే నిలిచింది. ఎవరో డీజే ఆపేశారు. మా ఆయన క్రేన్లు బాగుచేసే మనిషి. గొలుసులన్నీ లాగి చూశాడు, ఎక్కడా పట్టేయలేదు.

మేం పక్కకు జరగగానే బెల్లం పళ్లెం ధడాలున కిందికి దిగింది. మా వెనక పిల్లకు అదే బెల్లం చక్కగా సరితూగింది.

వచ్చేటప్పుడు ఆ మురికి ముద్దనే కొంచెం విరిచి ప్రసాదమని చేతిలో పెట్టారు. బయట చెత్తడబ్బాలో వేశాను. చెయ్యి ఎంత కడిగినా ఆ జిగట వదిలినట్టు అనిపించలేదు.

అమ్మకు ఫోన్‌లో చెప్పాను. తిట్టలేదు.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. వచ్చే జాతరకు గోదారి ఒడ్డుకే తీస్కరా. అప్పటిదాంక పిల్ల పైలం, మంచిగ చూస్కో” అంది.

ఆ తక్కెడ సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తం. ఎందుకట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నమ్మకం లేదనే అంటాను. కానీ పాప దగ్గిన ప్రతిసారీ, గాలిలో నిలిచిపోయిన ఆ పళ్లెమే కళ్ల ముందుకొస్తుంది.