మట్టె కింద వేలు

మా ఇంట్లో పసుపు కాస్త తక్కువ వాడి ఉంటే, నా కాళ్ల రంగు మారుతోందని ఎవరో ఒకరు ముందే చూసి ఉండేవారు. శుక్రవారం వచ్చిందంటే మా అత్తగారు గిన్నెలో పసుపు కలుపుకుని సిద్ధం. నేను వంగలేను. పొట్ట అడ్డొస్తుంది, ఊపిరాడదు. అందుకని ఆవిడే పీట వేసుకుని కూర్చుని చీలమండల పైదాకా పట్టించేది. ఆ పసుపు కింద నా చర్మం గోధుమ రంగుకి తిరిగి, బిగుసుకుపోయి నిగనిగలాడేది. ఆ నిగనిగ చూసి, "లచ్చిందేవి కాళ్లే నీయి" అని ఆవిడ మురిసిపోయేది.

లావు గురించి నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కె.కోటపాడు వైపు చెరుకు రైతు కూతుర్ని. పెళ్లిచూపుల్లోనే "గుంట నిండుగా ఉంది" అని నన్ను మెచ్చుకుని చోడవరం తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఏటేటా ఇంకా నిండాను. కుర్చీ మారింది, మంచం మారింది, ఆటోలో నా పక్కన కూర్చోవడం అందరూ మానేశారు. రక్తపరీక్ష చేయిస్తే సుగర్ లేదన్నారు. దాంతో ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చేసింది. మా వైపు అంతే, సుగర్ లేదంటే ఇంక ఏ రోగమూ లేనట్టే.

మా ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. పిల్లి ఎదురొచ్చిందని ఆగిపోయేవాళ్లని చూసి పగలబడి నవ్వేవాడు. గ్రహణం పట్టిన వేళ వీధి అరుగు మీద కూర్చుని, అందరూ చూసేలా అరటిపండు ఒలుచుకు తినేవాడు. అలాంటి మనిషికి గుండె రక్తనాళాలు మూసుకుపోయాయి, ఆపరేషన్ చెయ్యాలి అని విశాఖ డాక్టర్లు చేర్చుకున్నారు. తోడుగా మా మరిది వెళ్లాడు. పెళ్లాన్ని అయ్యుండి నేను వెళ్లలేకపోయాను. ఆసుపత్రి మెట్ల సంగతి అటుంచి, అప్పటికే నా ఎడమ పాదం చెప్పులో పట్టడం లేదు.

ఆ కాలి రెండో వేలికి మూడు చుట్ల వెండి మట్టె ఉంది. పెళ్లిలో ఆయన చేత్తో తొడిగిందే. వేలు ఉబ్బిపోయి ఆ చుట్లు కండలోకి దిగిపోయాయి. కింద ఎప్పుడు ఒరుసుకుందో, చిన్న పుండు పడింది. నొప్పి లేదు. వాసన వచ్చాకే నాకు తెలిసింది.

అత్తగారిని తోడు తీసుకుని అనకాపల్లిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పసుపంతా కడిగించి లైటు వేసి చూసింది. మొహం మారిపోయింది.

"నాకు సుగర్ లేదండీ," అన్నాను ముందే, అదేదో పెద్ద సర్టిఫికెట్ అయినట్టు.

"సుగర్ లేకపోయినా బరువు చాలమ్మా ఈ పని చెయ్యడానికి," అంది.

చర్మంలో వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు ఉంటాయట. ఒళ్లు పెరిగేకొద్దీ అవి బిరుసెక్కి, అవసరమైనప్పుడు తెరుచుకోవట. పైకి ఎక్కాల్సిన రక్తం కాళ్లలోనే నిలిచిపోయి, ఆ నాళాల్లోంచి చెమర్చి బయటికి వస్తుందట. నా గోధుమ రంగు అదే. కొత్త రక్తం అందక చిన్న గీత పడినా మానదట. రైతు కూతుర్ని, నాకు వెంటనే అర్థమైంది. కాలవ చివరి మడికి నీళ్లు చేరవు. నా వేలు ఆ చివరి మడి, దాని ముందు ఈ మట్టె గట్టు వేసుకుని కూర్చుంది.

"మట్టె ఇప్పుడే కోసేద్దాం, ఆలస్యమైతే వేలు దక్కదు," అని డాక్టరమ్మ నర్సుని కటింగ్ ప్లేరు తెమ్మంది.

మా అత్తగారు గభాల్న నా పాదం మీద రెండు చేతులూ వేసేసింది. "వద్దు తల్లీ! నా కొడుకు ఆపరేసన్ బల్ల మీదకెళ్తన్నాడు. ఇప్పుడు దీని మట్టె తీసేత్తారేటి? నీ కాళ్లు పట్టుకుంటాను, ఆడొచ్చీదాకా ఆగు!"

డాక్టరమ్మ తిట్టింది, బతిమాలింది, చివరికి మాత్రలు రాసింది. మావగారు పోయిన రోజున తన మట్టెలు ఎలా లాగేశారో అత్తగారికి ఇంకా గుర్తే. అందుకే నేను నోరెత్తలేదు. కానీ దారి పొడుగునా ఒళ్లు మండిపోతూనే ఉంది.

ఇంటికి రాగానే మా ఆయనకి ఫోన్ చేశాను. "అదేం పిచ్చి, తీయించెయ్" అని ఒక్క మాట అంటే చాలు. అంటాడనే చేశాను.

నేనెప్పుడూ వినని గొంతుతో, "రేపు నన్ను లోపలికి తీసుకెళ్తన్నారే," అన్నాడు. "నానొచ్చీదాకా ఉంచవే."

గ్రహణంలో అరటిపండు తిన్న మనిషి! ఏమనను? "ఉంచుతానండి," అన్నాను. ఫోన్ పెట్టేసి దిండులో మొహం దాచుకుని ఏడ్చాను. భయం ఆయనకే ఉందా? కోయించుకున్నాక ఆయనకి ఏమైనా అయితే? లోకులు పలుగాకులు, పొడిచి చంపుతారు. లోకుల మాట వదిలెయ్యండి, నన్ను నేనే బతకనివ్వను.

ఆపరేషన్ బాగా జరిగింది. కానీ గోరుచుట్టు మీద రోకలిపోటులా ఆయనకి జ్వరం పట్టుకుంది, ఇంటికి పంపలేదు. నేను రోజూ పొద్దున్నే ఫోన్‌తో ఫోటో తీసి నా వేలు చూసుకునేదాన్ని. ఎర్రగా ఉన్నది వంకాయ రంగుకి వచ్చింది, అక్కణ్ణించి నేరేడుపండు రంగుకి. పలకరించడానికి వచ్చినవాళ్లు మాడుగుల హల్వా తెచ్చేవారు. "మాస్టారికి గండం గడిచింది కదా, నోరు తీపి చేసుకో" అనేవారు. తిన్నాను కూడా. దరిద్రపు నోరు.

ఆయన ఇంటికొచ్చి ఇంకా గుమ్మంలో ఉండగానే, మంచం మీంచి కాలు చాచి చూపించాను. చూసి గోడ పట్టుకున్నాడు. వేలు బొగ్గయిపోయి ఉంది. మర్నాడు విశాఖలో మట్టె కోశారు. దాంతోపాటు వేలూ తీసేశారు.

ఇప్పుడు మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ గర్వంగా చెప్తుంది. "నా కోడలు ఏలు ఇచ్చి మొగుణ్ని దక్కించుకుందమ్మా!" సైన్సు మాస్టారు పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటాడు. కాదనడు. ఆ మాట వింటే నాకు అరవాలనిపిస్తుంది. గుండె కోసి కుట్టింది డాక్టర్లు. నా వేలు చేసిందేమీ లేదు, ఊరికే పోయింది.

రోజూ సాయంత్రం ఆయన పీట మీద కూర్చుని, నా పాదాలు ఒళ్లో పెట్టుకుని టార్చి లైటుతో చూస్తాడు. అలా చూడమని డాక్టరమ్మే చెప్పింది. మొన్న కుడి పాదం చూస్తూ ఆగిపోయాడు. ఫోటో తీయించుకుని నేనూ చూశాను. ఆ కాలి మట్టె చుట్టూ చర్మం ఎర్రగా కమిలి ఉంది. ఎడమ వేలు మొదట్లో సరిగ్గా ఇలాగే ఉండేది.

"ప్లేరు తెండి," అన్నాను.

తెచ్చాడు. దాని కొన మట్టె కిందకి దూర్చాడు. మళ్లీ బయటికి తీసి పక్కన పెట్టేశాడు.

"వచ్చేవారం నాకు చెకప్పుంది కదే," అన్నాడు మొహం తిప్పుకుని. "అదయ్యేక కోసేద్దాం."

వంటింట్లోంచి మా అత్తగారు, "అదే మంచిది బాబూ," అంది.

నేను కాలు ఆయన ఒళ్లోంచి తియ్యలేదు. అడిగేశాను.

"ఇంకా ఎన్ని వేళ్లు కావాలండీ మీకు?"